పెద్ద డేటాబేస్ బ్యాకప్ సైజు పరిమితి దగ్గర ఆగిపోకుండా తీయడం ఎలా?

4,29,49,67,295. మీ బ్యాకప్ ఫైలు సరిగ్గా ఇన్ని బైట్ల దగ్గర ఆగిపోయి ఉంటే, తప్పు మీ డేటాబేసుది కాదు, మీరు ఇచ్చిన ఆదేశానిదీ కాదు. మీరు రాస్తున్న పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో ఒక ఫైలు ఎంత పెద్దదో రాసుకోవడానికి ఉన్న చోటు 32 బిట్లే. అందులో పట్టే అతిపెద్ద సంఖ్య అది: 4 జీబీకి ఒక్క బైటు తక్కువ.

పాత తెలుగు పత్రికల పాఠాన్ని భద్రపరిచే ఒక డేటాబేసును నేను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. మొదట్లో అది ఒక సీడీలో పట్టేది. ఇప్పుడు 40 జీబీ దాటింది. పెరిగిన కొద్దీ ఒక్కో అడ్డు తగిలింది: ఒకసారి అప్‌లోడ్ పరిమితి, ఒకసారి పెన్‌డ్రైవు, ఒకసారి సర్వరులో చోటు చాలకపోవడం. వాటన్నిటి తర్వాత నాకు స్థిరపడిన పద్ధతి ఒకటే. పెద్ద ఫైలును తయారు చేసి, ఆ తర్వాత దాన్ని ఎలా తరలించాలా అని తలపట్టుకోవడం కంటే, అసలు పెద్ద ఫైలే పుట్టకుండా చూసుకోవాలి. ఆ పని ఎలా చేయాలో మైఎస్‌క్యూఎల్, మారియాడీబీ అనే డేటాబేసు సాఫ్ట్‌వేర్లు వాడేవారికి వివరంగా, మిగతా వారికి క్లుప్తంగా చెబుతాను. ఆదేశాల పేర్లను తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు, వేరే చెబితే తప్ప, అవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి.

ముందు ఏ అడ్డు తగిలిందో తేల్చుకోండి

బ్యాకప్ ఎక్కడ ఆగిందో ఆ అంకే చాలావరకు కారణం చెప్పేస్తుంది. కాబట్టి ఏ మార్పూ చేయకముందు ఆగిపోయిన ఫైలు పరిమాణాన్ని బైట్లలో చూడండి.

2 ఎంబీ దాటిన ఫైలును, బ్రౌజరులో డేటాబేసు చూసుకునే పరికరమైన పీహెచ్‌పీమైఅడ్మిన్ తీసుకోకపోతే అది, దాన్ని నడిపే భాష అయిన పీహెచ్‌పీ పెట్టిన అడ్డు. పీహెచ్‌పీలో అప్‌లోడ్ ఫైలుకు మామూలుగా ఉండే పరిమితి 2 ఎంబీ, ఒక ఫారం మొత్తంగా పంపగలిగేది 8 ఎంబీ. ఎగుమతి మధ్యలో తెగిపోతే అది సాధారణంగా సైజు సమస్య కాదు, సమయం సమస్య. పీహెచ్‌పీమైఅడ్మిన్ ఒక పనికి మామూలుగా 300 సెకన్లు ఇస్తుంది, హోస్టింగ్ వారు ఇంకా తక్కువ పెట్టి ఉండవచ్చు. 4 జీబీ దగ్గర ఆగితే ఫ్యాట్32. అమెజాన్ ఎస్3 వంటి నిల్వకు ఒకే విడతలో పంపితే 5 జీబీ దగ్గర ఆగుతుంది, అంతకు మించితే భాగాలుగా పంపాలి. జీమెయిల్ జోడింపు 25 ఎంబీ. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును తిరస్కరిస్తుంది, అయినా డేటాబేసు డంపును (డేటాబేసును ఆదేశాల పాఠంగా తీసిన బ్యాకప్‌ను) అక్కడ పెట్టాలన్న ఆలోచనే మంచిది కాదు.

ఫైలు ఏదో ఒక వింత సంఖ్య దగ్గర ఆగి, ప్రతిసారీ ఆ సంఖ్య మారుతూ ఉంటే, డిస్కులో చోటు అయిపోయి ఉండవచ్చు. డీఎఫ్ ఆదేశం ఆ సంగతి చెబుతుంది. షేర్డ్ హోస్టింగ్‌లో డిస్కు ఖాళీగానే కనిపించినా మీ ఖాతాకు కేటాయించిన వాటా నిండి ఉండవచ్చు, దాన్ని కంట్రోల్ ప్యానెల్‌లో చూడాలి.

అడ్డు ఫ్యాట్32 మాత్రమే అయితే పరిష్కారం చిన్నది. డ్రైవులో ఉన్నవన్నీ వేరేచోట కాపీ చేసుకుని ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో మళ్లీ ఫార్మాట్ చేయండి. విండోస్, మ్యాక్ రెండూ దాన్ని చదువుతాయి. లినక్స్ కెర్నెల్‌లో కూడా 2020 నుంచి మంచి డ్రైవరు ఉంది. అయినా కింద చెప్పేవి చదవండి, ఎందుకంటే ఈ అడ్డు తొలగిన తర్వాత మరొకటి తగులుతుంది.

లోపల ఏముందో చూడండి

డేటాబేసు 40 జీబీ ఉందంటే 40 జీబీ విలువైన సమాచారం ఉందని కాదు. డేటాబేసు తన వివరాలు తానే రాసుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలో టేబుల్స్ అనే పట్టిక ఉంటుంది. అందులోని డేటా_లెంగ్త్, ఇండెక్స్_లెంగ్త్ కాలమ్‌లను కూడి, పెద్దవి ముందు వచ్చేలా వరుసపెట్టి చూడండి. వెతకడాన్ని వేగం చేసే ఇండెక్సులు డంపులోకి రావు. వాటి నిర్వచనం మాత్రమే వస్తుంది, పునరుద్ధరించేటప్పుడు మళ్లీ కట్టబడతాయి. కాబట్టి ఇండెక్సులు బరువుగా ఉన్న డేటాబేసు డంపు అనుకున్నదానికంటే చిన్నగా ఉంటుంది.

ఇక పెద్ద టేబుల్ల పేర్లు చదవండి. మూడో నాలుగో టేబుల్లే మొత్తం బరువులో ఎక్కువ భాగం మోస్తుండటం చాలా చోట్ల చూశాను. గ్రంథాలయాల్లో వాడే కోహాలో సెషన్స్ టేబులు, కళాశాలల్లో వాడే మూడుల్‌లో లాగ్‌స్టోర్ టేబులు, వర్డ్‌ప్రెస్‌లో గణాంకాల ప్లగిన్లు సృష్టించే టేబుల్లు ఇటువంటివి. సెషన్లు, క్యాష్‌ల వంటి వాటిలోని వరుసలు రేపటికి పనికిరావు. వాటికి నిర్మాణం ఒక్కటి తీసుకుంటే చాలు. దీనికి, డంపు తీసే మైఎస్‌క్యూఎల్‌డంప్ ఆదేశంతో, రెండు విడతలు: మొదట నో-డేటా ఐచ్ఛికంతో అన్ని టేబుల్ల నిర్మాణం, తర్వాత ఇగ్నోర్-టేబుల్ ఐచ్ఛికంతో ఆ టేబుల్లను మినహాయించి డేటా. ఈ రెండో విడతలో నో-క్రియేట్-ఇన్ఫో ఐచ్ఛికం కూడా ఇవ్వండి.

లాగ్ టేబుల్ల విషయంలో మాత్రం మీ అంతట మీరు నిర్ణయం తీసుకోకండి. ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకున్నారు, ఏ విద్యార్థి ఏ పరీక్ష ఎప్పుడు సమర్పించాడు అన్నది అందులోనే ఉండవచ్చు. దాన్ని వాడేవారిని అడిగి, వారు వద్దన్న తర్వాతే వదిలేయండి.

తెలుగు పాఠం నిండిన డేటాబేసు గురించి ఇక్కడ ఒక మాట. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు పడతాయి. ‘తెలుగు’ అని రాస్తే మూడు హల్లులు, మూడు గుర్తులు కలిసి 18 బైట్లు. అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో 6 బైట్లే. మన డేటాబేసులు త్వరగా లావెక్కడానికి ఇది ఒక కారణం. కానీ ఆ మూడు బైట్లలో మొదటిది ప్రతి తెలుగు అక్షరానికీ ఒకటే. రెండోది రెండు విలువల్లో ఏదో ఒకటి. అసలు తేడా అంతా మూడో బైటులోనే ఉంటుంది. ఇంతగా పునరావృతమయ్యేదాన్ని కుదించడం ఏ కంప్రెషన్ పద్ధతికైనా తేలిక. అందుకే తెలుగు డంపును కుదించకుండా ఎప్పుడూ డిస్కు మీద పెట్టకండి.

డంపు, కుదింపు, ముక్కలు: మూడూ ఒకే ప్రవాహంలో

అసలు పని ఇక్కడ ఉంది. మైఎస్‌క్యూఎల్‌డంప్ తీసే పాఠాన్ని ఫైలులోకి కాకుండా నిలువు గీతతో కుదించే ఆదేశానికి అందించండి. అది కుదించినదాన్ని మరో నిలువు గీతతో ముక్కలు చేసే ఆదేశానికి అందించండి. డిస్కు మీదకు చేరేది చిన్న ముక్కలు మాత్రమే. పెద్ద ఫైలు ఒక్క క్షణం కూడా ఉండదు.

మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు ఇవ్వాల్సిన ఐచ్ఛికాలు, ఒక్కొక్కటి ఎందుకో కూడా చెబుతాను. ప్రతి దాని ముందూ రెండు అడ్డగీతలు ఉండాలి. సింగిల్-ట్రాన్సాక్షన్ ఇస్తే డంపు మొదలైన క్షణంలో డేటా ఎలా ఉందో అలాగే మొత్తం వస్తుంది, టేబుల్లకు తాళం పడదు, వాడేవారి పని ఆగదు. ఇది ఇన్నోడీబీ రకం టేబుల్లకే వర్తిస్తుంది. పాత మైఐశామ్ రకం టేబుల్లు ఉంటే ముందు వాటిని మార్చుకోండి. డంపు నడుస్తుండగా టేబుల్ నిర్మాణం మార్చే ఆదేశాలు ఎవరూ ఇవ్వకూడదు. రొటీన్స్, ఈవెంట్స్ అనే రెండు ఐచ్ఛికాలను చాలామంది మరచిపోతారు. ట్రిగ్గర్లు (డేటా మారినప్పుడు నడిచే ఆదేశాలు) వాటంతట అవే వస్తాయి కానీ, ప్రొసీజర్లు (పేరు పెట్టి దాచిన ఆదేశాలు), కాలం ప్రకారం నడిచే ఈవెంట్లు అడిగితేనే వస్తాయి. క్విక్ అనేది ఇప్పుడు మామూలుగానే అమల్లో ఉంటుంది. టేబుల్ మొత్తాన్ని మెమరీలోకి లాగకుండా వరుసలను ఒక్కొక్కటిగా పంపడం దాని పని.

డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్‌కు యూటీఎఫ్8ఎంబీ4 అని తప్పకుండా రాయండి. మైఎస్‌క్యూఎల్‌లో చాలాకాలం యూటీఎఫ్8 అన్న పేరుతో ఉన్నది మూడు బైట్ల వరకే పట్టేది. తెలుగు అందులో సరిపోతుంది. ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి, అవి ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. పాశ్చాత్య అక్షరాలకే చోటున్న లాటిన్1తో డంపు తీస్తే తెలుగే మొత్తం ప్రశ్నార్థకాలు అవుతుంది, ఆ తర్వాత దాన్ని వెనక్కి తెచ్చే దారి లేదు. మీ డేటాబేసు చాలా పాతదై, లాటిన్1 కాలమ్‌లలో తెలుగు దాచి ఉంటే, ఒక చిన్న టేబులును తీసి, వేరేచోట ఎక్కించి, కళ్లతో చదివి చూసుకున్న తర్వాతే మిగతావి మొదలుపెట్టండి.

పాస్‌వర్డును ఆదేశంలో రాయకండి, అదే సర్వరులోని ఇతరులకు అది కనిపించవచ్చు. హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే మై.సీఎన్ఎఫ్ ఫైలులో రాసి, అనుమతులు 600కు మార్చండి.

కుదించడానికి జీజిప్ ఎక్కడైనా దొరుకుతుంది కానీ ఒక్క ప్రాసెసరు కోరునే వాడుకుంటుంది. పిగ్జ్ అదే రకం ఫైలును అన్ని కోర్లతో తయారు చేస్తుంది. నేను జెడ్‌ఎస్‌టీడీ వాడతాను. వేగం, కుదింపు రెండూ బాగుంటాయి. దానికి పెద్ద టీ అక్షరం, సున్నా ఇస్తే (ఇటువంటి ఒంటి అక్షరాల ముందు ఒక అడ్డగీతే) కోర్లన్నీ వాడుకుంటుంది. పగలు నడిపే సర్వరైతే ఒకటి రెండు కోర్లకే పరిమితం చేయండి.

ముక్కలు చేసేది స్ప్లిట్. బీ తర్వాత 1జీ అని ఇవ్వండి, ఇక్కడ జీ పెద్ద అక్షరం. డీ ఇస్తే ముక్కలకు అక్షరాలకు బదులు అంకెలు వస్తాయి, ఏ తర్వాత 3 ఇస్తే ఆ అంకెలు 000, 001, 002 అని వస్తాయి. ఇన్‌పుట్ ఫైలు పేరు ఉండాల్సిన చోట ఒంటి అడ్డగీత పెట్టండి, అంటే ముందు ఆదేశం పంపేదాన్ని చదవమని. చివర ముక్కల పేర్లకు మొదటి భాగం రాయండి, తేదీ అందులో ఉండాలి. ముందు సున్నాలు పెట్టడం అందం కోసం కాదు. సున్నాలు లేకుండా పేర్లు పెడితే అక్షరక్రమంలో 10 అనేది 2 కంటే ముందు వస్తుంది, తిరిగి కలిపేటప్పుడు ముక్కలు తారుమారవుతాయి.

ఫ్యాట్32లో 4 జీబీ పడుతుంది కదా, 1 జీబీ ఎందుకు అని అడగవచ్చు. మన దగ్గర ఇంటర్నెట్ మధ్యలో తెగడం, కరెంటు పోవడం కొత్త కాదు. తెగితే 1 జీబీ మళ్లీ పంపితే సరిపోవాలి.

ఎవరికీ కనిపించని ఆ వైఫల్యం

ఇంతవరకు చెప్పినదంతా చేసినా మిమ్మల్ని నిశ్శబ్దంగా ముంచే విషయం ఒకటి ఉంది. దీని గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నేను దీనికి మూడు వారాల బ్యాకప్‌లు పోగొట్టుకున్నాను.

నిలువు గీతతో ఆదేశాలను కలిపినప్పుడు, మొత్తం పని సఫలమైందా విఫలమైందా అన్న ఫలితం చివరి ఆదేశానిదే. డంపు సగంలో చచ్చిపోయిందనుకోండి. కుదించే ఆదేశానికి ఆ సంగతి తెలియదు; ఇన్‌పుట్ అయిపోయిందనుకుని ఫైలును చక్కగా మూసేస్తుంది. స్ప్లిట్ కూడా తన పని తాను సజావుగా ముగిస్తుంది. ఫలితం సున్నా, అంటే విజయం. ముక్కల చెక్‌సమ్‌లు (ఫైలు మారలేదని తేల్చే సంఖ్యలు) సరిపోతాయి. విప్పితే విప్పుకుంటుంది. లోపల సగం టేబుల్లే ఉంటాయి.

నా దగ్గర జరిగింది ఇదే. ఒక టేబులులో స్కాన్ చేసిన పుటలను కూడా దాచేవాళ్లం. వాటిలో ఒకటి, ఒకేసారి పంపగలిగే డేటాకు ఉండే మ్యాక్స్_అలౌడ్_ప్యాకెట్ పరిమితిని మించింది. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు అది మామూలుగా 24 ఎంబీ. డంపు ప్రతి రాత్రీ ఆ వరుస దగ్గరే ఆగిపోయేది. ప్రతి ఉదయం కొత్త తేదీతో ఫైళ్లు ఉండేవి, సైజు నిన్నటిలాగే ఉండేది, నాకు అనుమానం రాలేదు. ఒక టేబులు కోసం బ్యాకప్ తెరిచినప్పుడు, అక్షరక్రమంలో దాని తర్వాత రావాల్సినవేవీ లేవు. అసలు డేటాబేసు అప్పటికి క్షేమంగానే ఉంది కాబట్టి ఏమీ పోలేదు. ఆ మూడు వారాల్లో ఏ రోజు డిస్కు పోయినా అంతా పోయేది.

ఇది పెద్ద సంస్థలకూ తప్పలేదు. 2017 జనవరి 31న, కోడు దాచే సేవ అయిన గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు డైరెక్టరీని తొలగించాడు. బ్యాకప్ కోసం చూస్తే, రోజూ తీయాల్సిన (వారు వాడే డేటాబేసు సాఫ్ట్‌వేరైన) పోస్ట్‌గ్రెస్ డంపులు అసలు తయారే కావడం లేదని తేలింది. సర్వరు 9.6 వెర్షన్, డంపు తీసే పరికరం 9.2 వెర్షన్ కావడం వల్ల అది ఆగిపోతూ వచ్చింది. వైఫల్యాన్ని తెలిపే ఈమెయిళ్లు కూడా చేరాల్సిన చోటికి చేరలేదు. అంతకు దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి బయటపడ్డారు.

కాబట్టి ఈ రెండూ మీ స్క్రిప్టులో ఉండి తీరాలి. మొదటిది, బాష్ స్క్రిప్టు పైభాగంలో సెట్ ఆదేశంతో పైప్‌ఫెయిల్ అమలు చేయండి. అప్పుడు వరుసలో ఏ ఆదేశం విఫలమైనా మొత్తం విఫలమైనట్టే లెక్క. రెండోది, డంపు సక్రమంగా ముగిస్తే మైఎస్‌క్యూఎల్‌డంప్ చివరి వరుసలో ‘డంప్ కంప్లీటెడ్’ అని ఇంగ్లీషులో రాసి తేదీ వేస్తుంది. ముక్కలన్నీ కలిపి విప్పి, టెయిల్ ఆదేశంతో చివరి వరుసను తీసి, ఆ మాట ఉందో లేదో స్క్రిప్టు చేతనే చూపించండి. లేకపోతే మీకు సందేశం రావాలి. ఉంటే కూడా రావాలని నేను కోరతాను. వైఫల్యమప్పుడే వచ్చే సందేశం రాకపోతే అంతా బాగుందో, సందేశం పంపేదే చెడిందో తెలియదు.

మ్యాక్స్_అలౌడ్_ప్యాకెట్‌ను డంపు తీసేటప్పుడు పెంచి ఇవ్వండి. గరిష్ఠం 1 జీబీ. బొమ్మలు, పీడీఎఫ్‌లు టేబుల్లో ఉంటే హెక్స్-బ్లాబ్ ఐచ్ఛికం కూడా కావాలి. వీలైతే అటువంటి ఫైళ్లను డేటాబేసు నుంచి బయటకు తీసి డిస్కు మీద పెట్టడమే మేలు. మేము చివరకు అదే చేశాం, డేటాబేసు సగానికి తగ్గింది.

ఒక్క టేబులే కొండంత ఉంటే

స్ప్లిట్ ముక్కలతో ఒక చిక్కు ఉంది: నడిమి ముక్క ఒకటి చెడితే దాని తర్వాతివన్నీ చదవడం కష్టం. అందువల్ల డేటా మరీ పెరిగాక టేబుల్ వారీగా విడి ఫైళ్లు తీయడం మంచిది. అయితే ఒక్కో టేబులుకు విడివిడిగా మైఎస్‌క్యూఎల్‌డంప్ నడిపితే ఒక్కోటి ఒక్కో క్షణానిది అవుతుంది. బిల్లుల టేబులు రెండు గంటలకు, చెల్లింపుల టేబులు రెండున్నరకు తీసినట్టయితే రెండింటికీ పొంతన ఉండదు. రాత్రంతా ఎవరూ ముట్టని డేటాబేసైతే ఫరవాలేదు. లేకపోతే మైడంపర్ వాడండి. అది అనేక దారాలతో (థ్రెడ్లతో) ఒకేసారి తీస్తూ, అన్నిటికీ ఒకే క్షణం ఉండేలా చూస్తుంది, పెద్ద టేబుల్లను తనే ముక్కలు చేస్తుంది. తిరిగి ఎక్కించడానికి దాని జోడు మైలోడర్. మైఎస్‌క్యూఎల్ 8 వాడేవారికి మైఎస్‌క్యూఎల్ షెల్ కూడా ఉంది. 2020లో వచ్చిన 8.0.21 నుంచి అందులో డంపు సదుపాయం చేరింది. చెప్పకుండానే 64 ఎంబీ చొప్పున ముక్కలు చేసి, జెడ్‌ఎస్‌టీడీతో కుదిస్తుంది.

పాత డేటా మారని చోట ఇంకా తేలికైన మార్గం ఉంది. 2015 నాటి పత్రికల పాఠం ఇప్పుడు మారదు. దాన్ని రోజూ మళ్లీ మళ్లీ తీయడం ఎందుకు? వేర్ అనే ఐచ్ఛికంతో సంవత్సరం వారీగా ఒకసారి తీసి, రెండు మూడు చోట్ల భద్రం చేసి, రోజూ ఈ ఏడాది వరుసలు మాత్రమే తీయండి. ఇలా చేసేటప్పుడు ఒక ప్రమాదం నుంచి జాగ్రత్త. మైఎస్‌క్యూఎల్‌డంప్ ప్రతి ఫైలులోనూ ‘ఈ టేబులు ఉంటే తీసేయి, మళ్లీ సృష్టించు’ అనే ఆదేశాలు రాస్తుంది. మీరు 2015 ఫైలును ఎక్కించి, తర్వాత 2016 ఫైలును ఎక్కిస్తే, రెండోది మొదటిదాన్ని తుడిచేస్తుంది. అందుకే నిర్మాణాన్ని ఒక్కసారి విడిగా తీసి, సంవత్సరాల ఫైళ్లన్నిటికీ నో-క్రియేట్-ఇన్ఫో ఇవ్వండి.

సర్వరులో చోటే లేకపోతే

డంపును సర్వరులో పెట్టాల్సిన పని లేదు. మీ ఇంట్లోనో కార్యాలయంలోనో ఉన్న కంప్యూటర్ నుంచి, దూరపు సర్వరులో ఆదేశాలు నడపనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వరులో డంపు, కుదింపు ఆదేశాలు నడిపించి, వచ్చేదాన్ని ఇక్కడి స్ప్లిట్‌కు అందించండి. సర్వరు డిస్కు మీద ఒక్క బైటు కూడా పడదు. సర్వరు పంపడం కంటే మీరు లాగడమే మంచిదని నా అభిప్రాయం. సర్వరులోకి ఎవరైనా చొరబడినా, బ్యాకప్‌లు ఉన్న యంత్రానికి తాళంచెవి అక్కడ దొరకదు. సర్వరులో పైప్‌ఫెయిల్ అక్కడి ఆదేశంలో కూడా పెట్టాలి, ఇక్కడ పెట్టింది అక్కడికి వర్తించదు. పనిని, కనెక్షన్ తెగినా నడుస్తూనే ఉండే టీమక్స్ లోపల నడపండి, లేకపోతే మీ టెర్మినల్ మూతపడిన క్షణమే అంతా ఆగుతుంది. ముక్కలు ముందే సర్వరులో ఉంటే ఆర్‌సింక్‌కు పార్షియల్ ఐచ్ఛికం ఇచ్చి తెచ్చుకోండి, తెగిన చోటి నుంచి కొనసాగుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ లేని షేర్డ్ హోస్టింగ్ అయితే, కంట్రోల్ ప్యానెల్‌లో క్రాన్ (నిర్ణీత సమయానికి ఆదేశాలు నడిపేది) ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటుంది. దాని ద్వారా ఇవే ఆదేశాలు నడపవచ్చు, పీహెచ్‌పీ పరిమితులేవీ అడ్డురావు. అదీ లేకపోతే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో కొన్ని కొన్ని టేబుల్లను ఎంచుకుని, జీజిప్ కుదింపుతో విడతలుగా తీయడమే మార్గం. ఏ పద్ధతిలోనైనా డంపును వెబ్‌సైటు ఫైళ్లుండే పబ్లిక్ డైరెక్టరీలో మాత్రం పెట్టకండి. పేరు ఊహించగలిగిన ఎవరైనా దించుకోగలరు.

పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు ఉన్న డంపు సర్వరు గడప దాటుతుంటే గుప్తీకరించాల్సిందే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం తగిన భద్రత పాటించనివారికి రూ.250 కోట్ల వరకు జరిమానా పేర్కొంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, అవి మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు. కుదింపుకూ ముక్కలకూ మధ్య గుప్తీకరించే ఆదేశమైన జీపీజీని చేర్చండి. వరుస ముఖ్యం: గుప్తీకరించినది కుదింపుకు లొంగదు, కాబట్టి కుదింపే ముందు.

మైఎస్‌క్యూఎల్ కాకపోతే

పోస్ట్‌గ్రెస్‌లో పని తేలిక. పీజీ_డంప్‌కు పెద్ద ఎఫ్, చిన్న డీ ఇచ్చి డైరెక్టరీ రూపంలో తీయండి, జే తర్వాత దారాల సంఖ్య ఇవ్వండి. టేబులుకో ఫైలు, కుదించి మరీ వస్తుంది, అన్నిటికీ ఒకే క్షణం. వాడుకరుల ఖాతాలు ఇందులో రావు. పీజీ_డంప్‌ఆల్‌కు గ్లోబల్స్-ఓన్లీ ఇచ్చి విడిగా తీయాలి. పీజీ_డంప్ వెర్షన్ సర్వరు వెర్షన్‌కు సమానంగా గానీ, కొత్తదిగా గానీ ఉండాలి.

ఎస్‌క్యూఎల్ సర్వరులో (మైక్రోసాఫ్ట్ వారిది) ఒకే బ్యాకప్‌ను 64 ఫైళ్ల వరకు చీల్చి రాయవచ్చు. బ్యాకప్ ఆదేశంలో డిస్క్ అన్న మాటను ఫైలు పేర్లతో కామాలు పెట్టి అన్నిసార్లు రాస్తే చాలు. చెక్‌సమ్ కోరండి. తిరిగి ఎక్కించాలంటే అన్ని ఫైళ్లూ ఉండాలి, ఒక్కటి తగ్గినా కుదరదు.

వందల జీబీలకు చేరాక డంపు పద్ధతికే సెలవు చెప్పాల్సి వస్తుంది. తీయడం ఎలాగో అవుతుంది కానీ, ఎక్కించడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. అప్పుడు డేటా ఫైళ్లనే నేరుగా కాపీ చేసే ఎక్స్‌ట్రాబ్యాకప్, మారియాబ్యాకప్, పోస్ట్‌గ్రెస్‌కు పీజీబ్యాక్‌రెస్ట్ వైపు వెళ్లండి.

తిరిగి ఎక్కించి చూడండి

ముక్కలు తీసిన చోటే షా256సమ్‌తో ప్రతి ముక్కకూ చెక్‌సమ్ తీసి ఒక ఫైలులో పెట్టండి. చేరిన చోట అదే ఆదేశానికి సీ ఇచ్చి సరిచూడండి. తర్వాత క్యాట్‌తో ముక్కలన్నీ వరుసగా చదివించి, విప్పే ఆదేశానికి, అక్కడి నుంచి మైఎస్‌క్యూఎల్‌కు అందించండి. ఇక్కడ కూడా పెద్ద ఫైలు పుట్టదు. విండోస్‌లో ముక్కలు కలపాలంటే కాపీ ఆదేశానికి స్లాష్ బీ తప్పనిసరి. అది లేకపోతే ఫైలును పాఠంగా భావించి, మధ్యలోనే ముగిసిందనుకునే ప్రమాదం ఉంది.

ఎక్కించేటప్పుడు ఎదురయ్యేవి సాధారణంగా మూడు. సర్వరు కనెక్షన్ తెంచుకుందన్న సందేశం వస్తే, ఎక్కించే సర్వరులో కూడా మ్యాక్స్_అలౌడ్_ప్యాకెట్ పెంచాలి. ప్రొసీజర్ల దగ్గర ఆగితే, వాటిని సృష్టించిన వాడుకరి ఖాతా కొత్త సర్వరులో లేదేమో చూడండి. మొదటి వరుసలోనే తప్పు వస్తే, ఆ డంపు 2024 మే నుంచి వచ్చిన మారియాడీబీతో తీసినదై ఉండవచ్చు. అది పైన శాండ్‌బాక్స్ అనే ఒక కొత్త వరుస రాస్తుంది, మైఎస్‌క్యూఎల్‌కూ పాత మారియాడీబీ క్లయింటుకూ అది అర్థం కాదు. టెయిల్‌తో రెండో వరుస నుంచి పంపితే సరిపోతుంది.

నెలకోసారి ఒక ఖాళీ సర్వరులో ఇదంతా మొదటి నుంచి చివరి వరకు చేయండి. పాత ల్యాప్‌టాప్ అయినా చాలు. టేబుల్ల సంఖ్య, పెద్ద టేబుల్లలో వరుసల సంఖ్య సరిచూడండి. అన్నిటికంటే కొత్త వరుస తేదీ చూడండి. పది పన్నెండు వరుసలు తెరిచి తెలుగును కళ్లతో చదవండి, ప్రత్యేకించి ఒత్తులున్న మాటలు. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. సర్వరు పోయిన రోజు అందరూ మిమ్మల్ని మొదట అడిగేది అదే.

రోజువారీ డంపులు ఏడు, వారానివి నాలుగు, నెలవి పన్నెండు ఉంచుకుంటే చిన్న సంస్థకు సరిపోతుంది. రెండు డంపుల మధ్య జరిగిన మార్పులు కూడా కావాలంటే, ప్రతి మార్పునూ రాసుకునే బైనరీ లాగ్ ఆన్‌లో ఉంచి, ఆ ఫైళ్లను కూడా బయటకు కాపీ చేయండి. డంపు తీసేటప్పుడు సోర్స్-డేటాకు 2 ఇవ్వండి, పాత వెర్షన్లలోనూ మారియాడీబీలోనూ దీని పేరు మాస్టర్-డేటా. లాగ్‌లో ఏ చోటు నుంచి మొదలుపెట్టాలో అది డంపులోనే రాసి పెడుతుంది.

చివరగా, తిరిగి ఎక్కించే ఆదేశాలను వరుసగా ఒక కాగితం మీద ప్రింటు తీయండి. ముక్కలు ఎక్కడెక్కడ ఉన్నాయో, జీపీజీ సంకేతపదం ఎవరి దగ్గర ఉందో అందులో ఉండాలి. నేను మా కాగితాన్ని బీరువాలో రిజిస్టర్ల పక్కన పెట్టాను. కంప్యూటర్ పని తెలిసిన మరొకరి చేత, నేను పక్కన లేకుండా, ఆ కాగితం చూసి ఒకసారి ఎక్కించమన్నాను. రెండు చోట్ల ఆగి ఫోను చేశారు. ఆ రెండు చోట్లా ఇంకో వాక్యం చేర్చి మళ్లీ ప్రింటు తీశాను.